ఏసీలో గ్యాస్ అయిపోదు

ఎండలు ముదిరే ముందు ప్రతి ఇంట్లోనూ వినపడే మాట ఒకటుంది. "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి." సర్వీసుకు వచ్చిన అబ్బాయి స్టూలు దిగకుండానే ఈ మాట అనేస్తాడు. మనం కూడా "అవునులే, పోయినేడు నింపించాం, ఈపాటికి అయిపోయే ఉంటుంది" అనుకుని రెండున్నర వేలో మూడు వేలో తీసి ఇచ్చేస్తాం. ఎందుకిస్తామంటే, గ్యాస్ అనే మాట మనకు వంటింట్లోంచి వచ్చింది. సిలిండరు పెడతాం, నెలో నెలన్నరో వస్తుంది, సరిగ్గా చుట్టాలొచ్చిన రోజున పప్పు సగం ఉడికాక మంట ఆరిపోతుంది, ఇంకోటి పెడతాం. గ్యాస్ అంటే ఖర్చయ్యేదని మన చేతులకి అలవాటు.

ఏసీలో గ్యాస్ అయిపోదండీ. పొయ్యి గ్యాస్‌లాగా వాడేకొద్దీ తరిగే సరుకు కాదది. గదిలో వేడిని మోసుకెళ్లి బయట దింపి వచ్చే కూలీ. గోడకున్న లోపలి పెట్టెలో ఆవిరవుతూ గది వేడిని లాక్కుంటుంది. బయటి పెట్టెలో ఉన్న కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. అక్కడ ఆ వేడిని వదిలేసి, మళ్లీ ద్రవమై లోపలికి వస్తుంది. రాత్రంతా ఇదే తిరుగుడు. ఎన్నేళ్లు తిరిగినా దానంతటది తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. రాత్రి నింపిన బిందె తెల్లారేసరికి సగమైందనుకోండి, మనం బిందె కింద తడి ఉందేమోనని చూస్తాం. "నీళ్లు అయిపోయాయి" అనుకుని రోజూ నింపుకుంటూ కూర్చోం కదా!

నా మాట మీద నమ్మకం లేకపోతే మీ ఇంట్లో ఫ్రిజ్‌ని చూడండి. మా ఫ్రిజ్ కొని పదమూడేళ్లు. తలుపు రబ్బరు ఒకసారి మార్చాం, అంతే. అందులోనూ గ్యాస్ ఉంది, కంప్రెసర్ ఉంది, ఏడాది పొడుగునా రాత్రింబవళ్లు పనిచేస్తుంది. దానికి ఏటా గ్యాస్ నింపాలని ఎవరైనా అన్నారా? మరి ఏడాదికి నాలుగైదు నెలలు మాత్రమే పనిచేసే ఏసీ ఏటా గ్యాస్ ఎందుకు అడుగుతోంది?

జవాబు తెలిశాక నాకు ఏసీ మీద ఉన్న అభిప్రాయమే మారిపోయింది. ఫ్రిజ్ పూర్తిగా ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది. గొట్టాలన్నీ అక్కడే అతికేసి, గ్యాస్ పోసి, మూసేసి పంపుతారు. మనం తెచ్చి ప్లగ్గు పెట్టుకోవడమే. స్ప్లిట్ ఏసీ అలా కాదు. రెండు పెట్టెలు విడివిడిగా వస్తాయి. గ్యాస్ బయటి పెట్టెలో బంధించి ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే రాగి గొట్టాలు, ఒకటి సన్నది, ఒకటి లావుది, మన గోడ దగ్గర మన కొలతకి కోసి బిగిస్తారు. లోపల రెండు అతుకులు, బయట రెండు అతుకులు. ఈ నాలుగు అతుకులూ ఏ పెద్ద కంపెనీ ఫ్యాక్టరీలోనూ తయారవవు. మన పడగ్గదిలో, మన స్టూలు మీద నుంచున్న ఆ అబ్బాయి చేతిలో తయారవుతాయి. ఏసీ సగం ఫ్యాక్టరీలో తయారైతే మిగతా సగం మన ఇంట్లో తయారవుతుందన్నమాట.

ఇప్పుడు మనం చేసేది చూడండి. కొనేటప్పుడు మూడు వారాలు ఆలోచిస్తాం. మూడు స్టార్లా, అయిదు స్టార్లా, ఇన్వర్టరా కాదా, ఏ కార్డుకి ఎంత తగ్గింపు, రాగి కాయిలా, అల్యూమినియమా? మా వారైతే ఒక పట్టీయే తయారు చేశారు. మా మరిదిగారు ఫోన్లో గంటసేపు సలహా ఇచ్చారు. అంతా అయ్యాక, బిగించే రోజు మాత్రం ఎవరూ ఉండరు. మగవాళ్లు ఆఫీసుకి వెళ్లిపోతారు. "వాళ్లొస్తారు, ఎక్కడ పెట్టాలో చూపించు, మంచినీళ్లివ్వు" అని మనకి చెప్పి పోతారు. వచ్చిన వాళ్లు కూడా మనతో మాట్లాడరు. ఏదైనా అడిగితే "సార్‌కి చెప్తాం మేడం" అంటారు. సార్ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటారు. గోడకి కన్నం పెట్టాల్సింది ఎక్కడో, గొట్టం నొక్కుకుపోయిందో లేదో ఆయనకి ఫోన్లో కనపడుతుందా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఏసీ కొనడం ఎవరు కొన్నా, బిగించే రోజు ఇంట్లో ఉన్న మనిషే ఆ పనికి పెద్ద. చాలా ఇళ్లలో ఆ మనిషి మనమే. మనకి స్పానరు పట్టడం రానక్కర్లేదు. బంగారం కొట్లో మనం కంసాలి పని చేయం, తూకం మాత్రం చూస్తాం. ఇక్కడా అంతే.

ముఖ్యంగా చూడాల్సింది గాలి తీసే పని. మెకానిక్కులు దీన్ని వ్యాక్యూమ్ అంటారు. గొట్టాలు బిగించాక వాటిలోనూ లోపలి పెట్టెలోనూ మామూలు గాలి ఉంటుంది. గాలి ఉన్నచోట తేమ ఉంటుంది. మన కృష్ణా తీరంలో చెప్పక్కర్లేదు, అప్పడాలు పొద్దున వేయిస్తే మధ్యాహ్నానికి మెత్తబడిపోతాయి. ఆ గాలీ తేమా లోపలే ఉండిపోయి, వాటి మీదే గ్యాస్ వదిలేస్తే ఏమవుతుంది? గాలి గ్యాస్‌లాగా ద్రవంగా మారదు. ఊరికే లోపల చోటు ఆక్రమించుకుని కంప్రెసర్ మీద బరువు పెంచుతుంది. తేమ కంప్రెసర్ నూనెలో కలిసి మెల్లగా ఆమ్లంలా మారి లోపలి భాగాలని తినేస్తుంది. మొదటి వేసవి ఏమీ తెలియదు. చల్లగానే ఉంటుంది. మూడో ఏటో నాలుగో ఏటో కంప్రెసర్ పోయిందంటారు, మనం కంపెనీని తిట్టుకుంటాం.

అందుకే చిన్న పంపు ఒకటి తగిలించి ఆ గాలినంతా లాగేయాలి. ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. మనం కుక్కర్‌లో ఏం చేస్తాం? ఒత్తిడి పెంచుతాం. ఒత్తిడి పెరిగితే నీళ్లు నూరు డిగ్రీలు దాటాక గానీ మరగవు, అందుకే కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. ఈ పంపు చేసేది సరిగ్గా తిరగేసిన కుక్కర్ పని. గొట్టంలో ఒత్తిడి పూర్తిగా తగ్గించేస్తుంది. ఒత్తిడి అంతగా తగ్గితే నీళ్లు మామూలు గది వేడికే మరిగి ఆవిరైపోతాయి. గొట్టం గోడలకి అంటుకున్న తేమ అలా ఆవిరై పంపులోంచి బయటికి పోతుంది. దీనికి టైము పడుతుంది. పదిహేను నిమిషాలు, అరగంట, గొట్టం పొడుగుని బట్టి, తేమని బట్టి. తర్వాత పంపు ఆపి, గేజిలో ముల్లు కదులుతుందేమోనని ఒక పది నిమిషాలు చూడాలి. ముల్లు పైకి లేచిందంటే అతుకులో లీకయినా ఉండాలి, లోపల తేమయినా మిగిలి ఉండాలి. గ్యాస్ ఒక్క చుక్క వదలకముందే ఈ సంగతి తేలిపోతుంది.

ఇంత విలువైన పనిని చాలామంది చేయరు. బదులుగా ఒక అడ్డదారి ఉంది. బయటి పెట్టెలో ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి, ఆ తోపుకి గాలి రెండో వైపు నట్టులోంచి బుస్సుమని బయటికి పోయేలా చేసి, నట్టు బిగించేస్తారు. పది సెకన్ల పని. కొంత గాలి పోతుంది గానీ తేమ పోదు. పైగా మనం డబ్బు పెట్టి కొన్న గ్యాస్ కొంత గాల్లో కలిసిపోతుంది. మీ ఇంట్లో ఆ బుస్సు శబ్దం తప్ప పంపు మోత వినపడలేదంటే వ్యాక్యూమ్ తీయలేదన్నమాటే.

మా ఇంట్లో పోయిన మార్చిలో ఏసీ పెట్టినప్పుడు ఇదే జరగబోయింది. వచ్చిన వాళ్లిద్దరూ చిన్నవాళ్లు, మా అబ్బాయి కన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్లేమో. గొట్టాలు బిగించడం అయింది.

"పంపు పెడతారా బాబూ?" అన్నాను.

"అక్కర్లేదు మేడం, కొత్త మెషినే కదా. గ్యాస్ ఫుల్లుగా ఉంది."

"గ్యాస్ సంగతి కాదు, గొట్టాల్లో గాలి సంగతి."

అతను నా వంక కొత్తగా చూశాడు. "మీరు ఈ లైన్లో చేస్తారా మేడం?" అని అడిగాడు. వంటింటి లైన్లో చేస్తానని చెప్పాను. నవ్వి, పంపు కింద బండిలో ఉందని, తేవాలంటే టైమవుతుందని, ఇంకా నాలుగు ఇళ్లు ఉన్నాయని చెప్పాడు. సరే, ముందు భోజనాలు చేయండి, తర్వాత పంపు పెట్టండి, అది తిరుగుతున్నంతసేపూ మీకు విశ్రాంతే కదా అన్నాను. ముద్దపప్పు, గోంగూర ఉన్నాయి ఆ రోజు. పంపు పైకి వచ్చింది.

దీన్ని నా గొప్పతనంగా చెప్పడం లేదు. ఆ "ఇంకా నాలుగు ఇళ్లు ఉన్నాయి" అన్న మాట గురించి చెబుదామని. వీళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు, ఇంటికి ఇంత అని లెక్క. వేసవిలో రెండు మూడు నెలల పని మీద ఏడాది గడవాలి. మనమేమో ఏప్రిల్ దాకా ఊరుకుని, ఒక రాత్రి నిద్రపట్టకపోతే తెల్లారి ఏసీ కొని, సాయంత్రానికల్లా బిగించేయాలంటాం. ఊరంతా అదే రోజు అంటుంది. అరగంట పంపు పెడితే అతనికి ఒక ఇల్లు తగ్గుతుంది. కాబట్టి ఆ పనిని దొంగతనం అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ అరగంట ఖరీదు మనం ముందే మాట్లాడుకుని ఇస్తే, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో తీరిగ్గా పిలిస్తే, అతనికీ నష్టం లేదు, మనకీ లేదు. మూడేళ్లకి కంప్రెసర్‌కి పోసే డబ్బుతో పోలిస్తే ఆ అరగంట ఎంతని?

అన్నట్టు, అతను బయటి పెట్టె ఎక్కడ నుంచుని బిగిస్తాడో కూడా మనం ఆలోచించాలి. మా అపార్టుమెంటులో మూడో అంతస్తు, నాలుగో అంతస్తుల వాళ్లు కిటికీ అవతల గోడకి ఇనప స్టాండు కొట్టించి పెట్టెలు వేలాడదీశారు. చూడ్డానికి బాల్కనీ ఖాళీగా ఉంటుందని. బిగించేటప్పుడు ఒక కుర్రాడు నడుముకి తాడు కూడా లేకుండా సన్‌షేడ్ మీద కాలు పెట్టి వేలాడుతుంటే నేను కిందనుంచి చూడలేక లోపలికి వచ్చేశాను. బిగించేది ఒకసారే కాదు కదా. ప్రతి సర్వీసుకీ, ప్రతి రిపేరుకీ ఎవరో ఒకరి బిడ్డ అక్కడికి ఎక్కాలి. ఎక్కలేని చోట పెట్టిన పెట్టెను ఎవరూ శుభ్రం చేయరు, అతుకు లీకయినా ఎవరూ చూడరు, లోపల స్టూలు మీంచే "గ్యాస్ అయిపోయింది" అనేస్తారు. మనిషి నేల మీద నిలబడి అందుకోగల చోటే మంచి చోటు.

అలాగని వెనక వాష్ ఏరియాలో పెట్టేస్తే సరిపోయిందనుకోకండి. చాలా ఫ్లాట్లలో బయటి పెట్టెని అక్కడే పెడతారు. అంట్లు తోమేది అక్కడే, బట్టలు ఉతికేది అక్కడే. గదిలో వేడినంతా తెచ్చి ఆ పెట్టె కక్కేది సరిగ్గా అంట్లు తోమే మనిషి ముఖం మీద. మధ్యాహ్నం మూడింటికి బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, పైన ఈ వేడి గాలి. ఆవిడ మా ఇంట్లో పనిచేసే సుబ్బమ్మే అవనీ, నేనే అవనీ, ఒక గది చల్లబడటానికి ఇంకొకరు ఉడికిపోవడం నాకు న్యాయంగా తోచదు. మెషిను లెక్క ప్రకారం చూసినా అది తప్పే. మూసుకుపోయిన చోట పెట్టె తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, చల్లదనం తగ్గుతుంది. ఇక స్పేర్ సిలిండరు కూడా ఆ మూలే పెట్టుకునే ఇళ్లయితే, దాన్ని వేరే చోటికి మార్చేదాకా నేను ఒప్పుకోను. మేం చివరికి ముందు బాల్కనీలో, గోడ కన్నా కొంచెం ఎత్తుగా, గాలి వీధి వైపు పోయేలా పెట్టించాం. "ఇంటి అందం పోయింది" అని మా వారు రెండు రోజులు సణిగారు. అందం సంగతి వాష్ ఏరియాలో ఒక మధ్యాహ్నం నుంచుంటే తెలుస్తుందన్నాను.

చోటు మారితే గొట్టం పొడుగు మారుతుంది, గొట్టం పొడుగుని బట్టి గ్యాస్ లెక్క మారుతుంది. బయటి పెట్టె పక్కన ఒక రేకు మీదో స్టిక్కరు మీదో అన్నీ రాసి ఉంటాయి. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు. ఒకటిన్నర టన్నుల ఏసీలో ఆర్-32 అయితే సుమారుగా ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఉంటుంది. ఇంతకీ ఈ టన్ను ఏసీ బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడి లాగుతుందో అంత అని. మా అత్తగారికి ఇది చెప్తే "ఒకటిన్నర టన్నుల మంచు మన ఇంట్లోనా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. కంపెనీ నింపి పంపే గ్యాసు కొన్ని మీటర్ల గొట్టానికి సరిపోతుంది. అంతకు మించితే ఒక్కో మీటరుకి ఇన్ని గ్రాములు కలపాలని మెషినుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని మనం అట్టపెట్టెతో పాటు పాత పేపర్లవాడికి వేసేస్తాం. దయచేసి వేయకండి.

కలపడం అంటే తూకం వేసి కలపడం. గ్యాస్ డబ్బాని తూకం మిషను మీద పెట్టి, ఎన్ని గ్రాములు దిగిందో చూస్తూ వదలాలి. గేజి ముల్లు చూసి "సరిపోయింది" అనడం పాత పద్ధతి. బయట ఎండని బట్టి ఆ ముల్లు మారుతుంది. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ తన వేగం తనే మార్చుకుంటుంది కాబట్టి ముల్లుని అసలు నమ్మలేం. ఉప్పు చేత్తో వేసే మనమే మైసూర్‌పాక్‌కి కొలత చూస్తాం కదా. తక్కువైతే చల్లబడదు, ఎక్కువైతే కంప్రెసర్‌కి చేటు. ఏ గ్యాస్ మెషిన్‌కి ఆ గ్యాసే వేయాలి. పాత ఏసీల్లో ఆర్-22, తర్వాతి వాటిలో ఆర్-410ఏ, ఇప్పటి వాటిలో ఎక్కువగా ఆర్-32. ఒకదానిలో ఒకటి కలపకూడదు. గోద్రెజ్ వాళ్లు కొన్నిటిలో ఆర్-290 అని వాడారు, అంటే ప్రొపేను. మన వంట గ్యాస్‌లో ఉండేదాంట్లో అదీ ఒకటి. అది బాగా మండుతుంది, ఆర్-32కి కూడా కొంత మండే గుణం ఉంది. వంట గ్యాస్ లీకయితే తెలియాలని వాసన కలుపుతారు, ఏసీ గ్యాస్‌కి ఆ వాసన ఉండదు. కాబట్టి గ్యాస్ పని జరుగుతున్నప్పుడు ఆ గదిలో దేవుడి దీపం, అగరుబత్తి వద్దు. కిటికీలు తీసి పెట్టండి. పక్కన సిగరెట్ ముట్టించబోయిన వాళ్లని మొహమాటం లేకుండా బయటికి పంపండి.

లీకు సంగతికి వస్తాను. గుంటూరులో మా ఆడపడుచు వాళ్లింట్లో మూడు వేసవులు వరుసగా గ్యాస్ నింపారు. మూడుసార్లూ జూన్ దాకా బ్రహ్మాండంగా చల్లబడింది, మళ్లీ మార్చికి మామూలే. నాలుగో ఏడు వేరే అతనెవరో వచ్చి, గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి, నురగ చేసి, బయటి నట్టుకి పూశాడు. బుడగలు లేచాయి. గొట్టం మూతిని గరాటులా విప్పి నట్టులో బిగిస్తారు కదా, ఆ మూతి ఒక పక్క సన్నగా చిట్లి ఉంది. నాలుగు వేళ్ల గొట్టం కోసేసి, మూతి మళ్లీ చేసి, వ్యాక్యూమ్ తీసి, తూకం వేసి నింపాడు. మొదటి రోజు అరగంట మిగుల్చుకున్న పనికి వాళ్లు మూడుసార్లు డబ్బు కట్టారు. పోయిన గ్యాస్ ఎక్కడికి పోయింది? ఆర్-32 ఒక కిలో గాల్లో కలిస్తే నూరేళ్ల లెక్కలో 675 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-410ఏ అయితే రెండు వేల కిలోల పైమాట. ఎండలు పెరిగాయని ఏసీ పెట్టుకుని, దాని గ్యాస్‌ని ఏటా ఎండల్లోకే వదలడం!

సర్వీసు వాళ్లు ఏసీ చల్లగా లేదంటే ముందు గ్యాస్ మాటెత్తుతారు గానీ, అంతకు ముందు మనమే చూసుకోదగ్గవి ఉన్నాయి. లోపలి పెట్టె మూత ఎత్తి జాలీలు తీసి కుళాయి కింద కడగండి, వేసవిలో పదిహేను రోజులకోసారి. జాలీ మూసుకుపోయినా లోపలి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, గ్యాస్ తగ్గినా పేరుకుంటుంది, తేడా తెలియక గ్యాస్ మీదకి నెట్టేస్తారు. బయటి పెట్టె వెనక పావురం గూడు ఉందేమో చూడండి, మా పక్కింట్లో ఉంది. అవి శుభ్రంగా ఉన్నా చల్లబడకపోతే, బయటి సన్న గొట్టం మీద మంచు కడుతుంటే, అప్పుడు గ్యాస్ తగ్గి ఉండొచ్చు. విశాఖ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకి ఉప్పు గాలికి కాయిల్ తుప్పుపట్టి కూడా లీకవుతుంది, అది బిగించిన వాడి తప్పు కాదు. ఏదైనా సరే, "లీకు ఎక్కడ?" అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు రాకుండా డబ్బా మూత విప్పనివ్వకండి.

కొందరు అనొచ్చు, ఏసీ లాంటి విలాసానికి ఇంత గొడవా అని. మా అత్తగారికి ఎనభై దాటాయి. 2015 మే నెల వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. బెజవాడలో మే నెల రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంటుంది, ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి కొడుతుంది. ఆ వయసు వాళ్లకి అది ఓర్చుకోవాల్సిన ఇబ్బంది కాదు, ప్రాణం మీదకి వచ్చే సంగతి. సరిగ్గా మే మధ్యలో ఏసీ ఆగిపోయి, మెకానిక్ నాలుగు రోజుల దాకా రానంటే ఆవిణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి? మా ఇంట్లో ఏసీ మా గదిలో కాదు, ఆవిడ గదిలో పెట్టించాను. ఇరవై ఆరు మీద పెట్టి, ఫ్యాను ఒకటి మీద తిప్పుతాం. అంతకన్నా చల్లగా ఉంటే ఆవిడకి మోకాళ్లు పట్టేస్తాయి.

బిగించిన రోజు బిల్లు వెనక నాలుగు ముక్కలు రాయించుకుని దాచుకున్నాను. తేదీ, గొట్టం ఎన్ని మీటర్లు, వ్యాక్యూమ్ ఎంతసేపు, గ్యాస్ ఎన్ని గ్రాములు కలిపారో. రాసిన అబ్బాయి సంతకం కూడా పెట్టాడు, ముచ్చటగా. అది చూసి మా ఆడపడుచు తనూ అలాగే రాయించుకుంటానంది. మొన్న వాళ్ల పైవాటాలో ఉన్న టీచరుగారి ఇంటికి సర్వీసుకి ఎవరో వచ్చి గ్యాస్ తగ్గిందన్నారట. ఈవిడ మెట్ల మీంచే "ఎన్ని గ్రాములు తగ్గింది బాబూ?" అని అడిగిందట. అతను ఒక నిమిషం ఆగి, తూకం మిషను తేవడానికి కిందికి వెళ్లాడట.